రొమ్ము క్యాన్సర్: వైద్యునితో మాట్లాడవలసిన తీరు

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పినారు. ఆ భాగ్యము చేజారినపుడు దానిని తిరిగి పొందుటకు మందు ఎంత అవసరమో, వైద్యునితో మనసు విప్పి మాట్లాడుట కూడ అంతే అవసరము. రొమ్ము క్యాన్సర్ అని తేలిన స్త్రీ వైద్యుని ఏమి అడుగవలెను? ఆమె వెంట వెళ్ళినవారు ఏమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలింతము.

ఈ వ్యాధి చికిత్సతో మన గోదావరి సీమకు ఒక సంబంధము కలదు. 1895లో భీమవరములో జన్మించి, రాజమహేంద్రవరములో చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించినారు. అక్కడ వెలువడిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. సుబ్బారావు గారు 1948లో కీర్తిశేషులైనారు. 1976లో ఇటలీ వైద్యుడు బొనడోనా శస్త్రచికిత్స తరువాత ఈ మందును మరి రెండు మందులతో కలిపి ఇచ్చినచో రొమ్ము క్యాన్సర్ తిరిగి వచ్చుట తగ్గుచున్నదని ప్రకటించినాడు. మన ప్రాంతపు బిడ్డ కృషి ఇట్లు ఎందరో స్త్రీలకు ఉపకరించినది. కాని మన ఇళ్ళలో మాత్రము ఈ వ్యాధి పేరెత్తుటకు నేటికిని జంకుచున్నాము. రోగిని వెలుపల బల్లపై కూర్చుండబెట్టి, భర్తయో కుమారుడో లోపలికి వెళ్ళి, "ఆమెకు చెప్పకండి డాక్టరుగారూ" అని వేడుకొనుట మనము ఎరిగినదే.

ఇది ప్రేమతో చేయు పనియే. అయినను దీనివలన కీడు కలుగును. చికిత్స నెలల తరబడి సాగును. కీమోథెరపీ జరుగుచున్న రోజులలో రక్తములోని తెల్లకణములు తగ్గును. అప్పుడు వచ్చిన జ్వరమును మామూలు జ్వరమనుకొని ఇంట పడుకొనరాదు, వెంటనే ఆసుపత్రికి తెలుపవలెను. తన వ్యాధి ఏమిటో తెలియని తల్లి ఈ జాగ్రత్త ఎట్లు తీసుకొనగలదు?

కనుక ప్రశ్నలను ముందురోజే ఇంటివద్ద ఒక కాగితముపై వ్రాసికొనుట మంచిది. క్యాన్సర్ అను మాట విన్న క్షణమున మనసు మొద్దుబారును, తరువాత చెప్పినవి చెవికెక్కవు. అడుగవలసినవి ముఖ్యముగా ఇవి:

1. బయాప్సీ నివేదికలో ఏమున్నది? ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 పరీక్షల ఫలితములేమి? మందుల ఎంపికకు ఇవి ఆధారములు.

2. వ్యాధి ఏ దశలో ఉన్నది? చంకలోని గ్రంథులకు గాని, ఇతర అవయవములకు గాని పాకినదా?

3. రొమ్మును పూర్తిగా తీసివేయవలెనా, గడ్డను మాత్రము తీసి రేడియేషన్ ఇచ్చిన చాలునా? తొలిదశలో తగిన రోగులకు ఈ రెండవ పద్ధతిలో కూడ ఆయుర్దాయము తగ్గదని అమెరికా వైద్యుడు బెర్నార్డ్ ఫిషర్ 1985లో చూపినాడు. 2002లో ప్రకటించిన ఇరువదియేండ్ల ఫలితములు దీనినే బలపరచినవి.

4. ఏ బాధలు కలుగవచ్చును? చేయి వాచినచో ఏమి చేయవలెను? రాత్రివేళ ఎవరికి తెలుపవలెను?

5. వయసులో ఉన్న స్త్రీ అయినచో, మున్ముందు సంతానమునకు అవకాశమెట్లు? దీనిని చికిత్స ఆరంభమునకు ముందే అడుగవలెను.

6. ఖర్చు ఎంత? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా సాగుచున్న పథకము క్రింద క్యాన్సర్ చికిత్స కలదు. ఈ ఆసుపత్రిలో అది వర్తించునా?

నాటుమందు వాడుచున్నచో దాచరాదు. రంజాన్ ఉపవాసములు ఉండదలచినచో ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. పరీక్ష సమయమున స్త్రీ ఒకరు తోడుండవలెనని కోరుట తప్పు కాదు. మరొక వైద్యుని అభిప్రాయము తీసుకొనుటయు అపరాధము కాదు. విశాఖపట్నము అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలు అందుకు ఉన్నవి.

చివరిగా మన విద్యార్థినులకు ఒక మాట. ఇంట ఉర్దూ మాట్లాడు తల్లికి, తెలుగులో చెప్పు వైద్యునికి నడుమ దుబాసిగా నిలువవలసినది తరచు మీరే. తెలుగులో సెగగడ్డయు గడ్డయే, క్యాన్సర్ గడ్డయు గడ్డయే. వైద్యుడు "గడ్డ" అన్నపుడు మీరు దానిని "ఫోడా" అని చెప్పినచో, అమ్మ పట్టువేసిన మానిపోవు పుండు అనుకొనును. "గిల్టీ" అని చెప్పి, అది ఎటువంటిదో వైద్యుని అడిగి వివరింపవలెను. భయముచే ఒక మాట మింగరాదు, ధైర్యము చెప్పుటకు ఒక మాట కలుపరాదు. అమ్మ అడిగిన ప్రశ్నను ఆమె అడిగినట్లే వైద్యునికి అందింపవలెను. "అది తరువాత అడుగుదములే" అని ఆపరాదు. అమ్మ ఎంతవరకు వినగోరునో ఆమెనే అడుగుడు.

మనము రెండు భాషలు నేర్చినది పరీక్షలలో మార్కుల కొరకే కాదు. ఆపదవేళ ఒక తల్లి మాటను చెడకుండ వైద్యునికి చేర్చుటకు, వైద్యుని మాటను దాచకుండ ఆమెకు తెచ్చుటకు ఆ విద్య ఉపయోగపడినచో అది సార్థకమైనట్లేనని మేము విశ్వసించుచున్నాము.