అత్తమ్మ పుట్టిన ఏడు



2025 సెప్టెంబరు 21, ఆదివారం పెత్రమాస. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చుకొని, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుకొని ఉంటారు. నేను బసంత్‌నగర్ పోయి వచ్చాను. మా మేనత్త పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఈసారి ఆమె పేరు కూడా పెద్దల్లో కలిసింది. చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, కూరగాయలు సర్ది, ఆమె కొడుకు, మా బావ, అయ్యగారి ముందు కూర్చొని ఒక్కొక్క పేరే చెప్తున్నాడు. తన తాత పేరు చెప్పాడు. నాయనమ్మ పేరు చెప్పాడు. మామయ్య పేరు చెప్పాడు. తర్వాత నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. అమ్మ పేరు ఆ వరుసలో చెప్పడం ఆయనకు ఇదే మొదటిసారి. అయ్యగారు తొందరపెట్టలేదు. పక్కన కూర్చున్న మా నాన్న మెల్లగా తన అక్క పేరు అందించాడు.

నేను పుట్టిన ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసి నా చెవిలో నా పేరు చెప్పింది ఆ అత్తమ్మే. ఆమె పేరు అట్లా చాట ముందు వినవలసి వచ్చిందని ఇంటికి వచ్చినా మనసు కుదురుకోలేదు. అందుకే ఈ నెల మీతో ఆమె ముచ్చటే పెడుతున్నాను.

పోయినేడు శ్రావణంలో అత్తమ్మ పోయినప్పుడు ఒక సంగతి జరిగింది. దశదిన కర్మకు ఫోటోతో ఫ్లెక్సీ వేయిస్తారు కదా, ఆ కొట్టు పిల్లగాడు ఫోన్ చేసి, "జననం దగ్గర ఏం రాయాలె?" అని అడిగాడు. ఇంటినిండా మనుషులం. ఒక్కరికీ తెలియదు. ఆధార్ కార్డు తీసి చూస్తే జనవరి 1 అని ఉంది. మన ఊళ్లలో ఎంతమంది ముసలివాళ్ల కార్డుల మీద అదే తేదీ ఉంటుందో మీకూ తెలుసు. పుట్టిన రోజు తెలియకపోతే అట్లా వేసేస్తారు. ఏడు కూడా అంతే, రాసినవాళ్లకు తోచింది వేశారు. బావ ఆ కార్డు చాలాసేపు చూసి, "అబద్ధం రాయొద్దు, తీసెయ్" అన్నాడు. ఫ్లెక్సీ మీద మరణం తేదీ ఒక్కటే పడ్డది.

అదే మామయ్య పోయినప్పుడు వెతుకులాట లేదు. ఫ్యాక్టరీ కాగితాల్లో పుట్టిన తేదీ, చేరిన తేదీ, దిగిపోయిన తేదీ అన్నీ ఉన్నాయి. మా నాన్నవి సింగరేణి కాగితాల్లో ఉన్నాయి. ఆ ఇద్దరినీ డ్యూటీకి పంపిన మనిషి ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

విచిత్రమేమిటంటే, మా ఇంట్లో అందరి పుట్టిన ఏళ్లూ చెప్పగలిగింది అత్తమ్మే. ఆమె లెక్కలన్నీ పొగగొట్టాల లెక్కలు. బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ 1969లో మొదలైంది. బసంత్‌కుమార్ బిర్లా పేరు మీద ఆ ఊరికి ఆ పేరు. ఆ మరుసటేడు మామయ్యకు అందులో నౌకరి దొరికి కాపురం అక్కడికి మారింది. రామగుండం బి పవర్ హౌస్ నడవడం మొదలైన ఏడు, 1971, పెద్ద బిడ్డ పుట్టింది. ఎన్టీపీసీకి పునాదిరాయి పడ్డ ఏడు, 1978, బావ పుట్టాడు. నేను ఎరువుల ఫ్యాక్టరీ పిల్లను, 1980. 1999లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు, "నీ ఏడుదే బందైంది బిడ్డా" అని నన్ను దగ్గరికి తీసుకొని బాధపడ్డది. 2021లో రామగుండం ఫెర్టిలైజర్స్ పేరుతో మళ్లీ యూరియా వస్తోందని తెలిసిన నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "ఆరిన పొయ్యిని మళ్ల ముట్టిచ్చిన్రు, మంచిగైంది" అన్నది. ఆ గొంతులోని సంతోషం మా చుట్టాల్లో ఎవరికో కొడుకు పుట్టినట్టుంది.

చదువు రాని మనిషి. అయినా రాజీవ్ రహదారి పొడుగునా లేచిన కంపెనీలన్నిటినీ మా ఇంటి పిల్లల పక్కన నిలబెట్టి గుర్తు పెట్టుకుంది. తన పుట్టుక పక్కన నిలబెట్టడానికి మాత్రం అప్పటికి అక్కడ ఏ కంపెనీ లేదు.

అత్తమ్మ నాకు నేర్పిన మొదటి పని బట్టలు ఉతకడం. మా నాన్నకు పెళ్లికి ముందే సింగరేణిలో కోల్ ఫిల్లర్ పని దొరికింది. గోదావరిఖనిలో ఇల్లు దొరికేదాకా అక్క దగ్గరే ఉండి, సైకిల్ మీద బాయికి పోయొచ్చేవాడు. అంటే ఒకే ఇంట్లోకి రెండు రంగుల దుమ్ము వచ్చేది. మామయ్య ప్యాకింగ్‌లో పనిచేసి కనుబొమల దాకా బూడిదరంగుతో వచ్చేవాడు. నాన్న నల్లగా వచ్చేవాడు. ఆ రెండూ ఒక్క తీరుగా ఉతికేవి కావు. ఎండాకాలం సెలవుల్లో పోయినప్పుడు మామయ్య అంగీ తీసుకొని నేను నేరుగా బకెట్‌లో ముంచబోతే అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"తడిపితే గోడ లెక్క గట్టిపడ్తది బిడ్డా. ముందు పొడిగనే దులుపాలె. జేబులు తిప్పి దులుపాలె, కాలర్ విప్పి దులుపాలె. ఇగ దుమ్ము రాదు అనుకున్నంక ఇంకోసారి దులిపి, అప్పుడు ముంచాలె."

"మరి నాన్నవి?"

"బొగ్గు అట్ల కాదు. దాన్ని దులిపితె ఇల్లంత నల్లగైతది. రాత్రి నీళ్లల్ల ఏసి మర్చిపోవాలె. పొద్దుగాల్లకు అదే దిగుతది."

ఆ మాట చెప్తూ అంగీ భుజాల దగ్గర పట్టుకొని గాలివాలు చూసుకొని నిలబడింది. దుమ్ము తన మీదికి రాకుండా, పక్కింటి దండెం మీదికీ పోకుండా. మూడుసార్లు విదిలించింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉండేది. రాత్రి కొబ్బరినూనె రాసుకునేది. ఆ చేతులే పొద్దున నా జడ అల్లేవి. వెంట్రుకలు ఆ పగుళ్లలో చిక్కుకునేవి. "నొచ్చిందా?" అని నన్నే అడిగేది.

షిఫ్టుల ఇల్లు ఎట్లా ఉంటుందో ఖని, ఎనిమిదో కాలనీ, మందమర్రి అక్కలకు నేను చెప్పనక్కర్లేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకుంటాడు. అత్తమ్మ ఇంట్లో అప్పుడు స్టీలు గిన్నెలన్నీ పాత చీరె ముక్క మీద బోర్లించి ఉండేవి. కుక్కర్ పెట్టేది కాదు, అన్నం గంజి వార్చేది. పిల్లలం వాకిట్లో కాకుండా వేపచెట్టు కిందికి పోయి ఆడుకోవాలి. నా పెళ్లయి హైదరాబాద్ వచ్చాక మా ఆయన అమెరికా వేళల్లో పనిచేస్తాడని తెలిసి, ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న అదే. "మీ ఆయనకు ఈ వారం ఏ షిఫ్టు బిడ్డా?" తర్వాత ప్రశ్న, "గిన్నెల కింద బట్ట ఏస్తున్నవా?" నేను వేస్తున్నాను. ఇప్పటికీ వేస్తున్నాను.

ఇంకో చిన్న ముచ్చట. ఫ్యాక్టరీవాళ్లు కట్టించుకున్న రన్‌వే ఒకటి బసంత్‌నగర్‌లో ఉంది. 1980ల్లో కొన్నాళ్లు వాయుదూత్ చిన్న విమానాలు వచ్చిపోయేవి. విమానం వస్తుందంటే అత్తమ్మ మమ్మల్ని వెంటేసుకొని పోయేది. "అండ్ల కూసున్నోళ్లకు మనం సీమల లెక్క కనవడ్తమట. అయినా చెయ్యి ఊపుండ్రి" అనేది. మాకంటే తనే ఎక్కువసేపు ఊపేది.

ఆమెకు పుట్టిల్లంటే మా ఇల్లే. తాత, నాయనమ్మ పోయాక ప్రతి బతుకమ్మకూ తమ్ముని ఇంటికి, ఖనికి వచ్చేది. గునుగు పూలు కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, రంగులో అద్ది ఆరబెట్టడం ఆమె పని. తాంబాళంలో గుమ్మడాకు పరిచి మొదటి వరుస తంగేడు పేర్చడం ఆమె పని. 2009లో మామయ్య పోయాడు. ఆ ఏడు బతుకమ్మ నాడు వాడకట్టులో ఒకావిడ, "ఇప్పుడు ఆమె గౌరమ్మను ముట్టొచ్చునా?" అన్నది. అత్తమ్మ చేతిలో తంగేడు కొమ్మ అట్లాగే కింద పెట్టి వెనక్కి జరిగింది. మా అమ్మ మాటకారి కాదు. ఆ రోజు మాత్రం లేచి వచ్చి అత్తమ్మ చెయ్యి పట్టి మళ్లీ తాంబాళం ముందు కూర్చోబెట్టింది. "మా ఆడిబిడ్డ చెయ్యి పడని బతుకమ్మ మా ఇంట్ల లేదు" అన్నది. అంతే. ఆ తర్వాత ఎవ్వరూ ఆ మాట ఎత్తలేదు. మా అమ్మను తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ గర్వంగా ఉంటుంది.

ఇక 2011. సెప్టెంబరు 13న తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి బాయిలు ఆగాయి. తర్వాత ఆర్టీసీ బస్సులూ ఆగాయి. పెత్రమాస, సద్దులు, దసరా అన్నీ ఆ సమ్మెలోనే వచ్చాయి. నాన్నకు జీతం లేదు. ప్రతి బతుకమ్మకూ అక్కకు చీరె పెట్టే మనిషి, ఆసారి పెట్టలేనని ఎట్లా చెప్పాలో తెలియక ఫోన్ పట్టుకొని కూర్చున్నాడు. ఫోన్ చేయకముందే వాకిట్లో బండి ఆగింది. బావ బండి నడుపుతున్నాడు. ఇద్దరి మధ్య బియ్యం మూట, అత్తమ్మ ఒళ్లో నూనె డబ్బా. మోకాళ్ల నొప్పులతో బసంత్‌నగర్ నుంచి అట్లా కూర్చొని వచ్చింది. అమ్మ ఏడ్చింది. నాన్న, "ఎందుకక్కా?" అన్నాడు.

"నా తమ్ముని ఇంట్ల పొయ్యి సల్లారితె నా గొంతుల ముద్ద దిగుతదా?" అన్నది.

సద్దుల నాడు కొంగు నిమురుకుంటూ బతుకమ్మ ఎత్తుకుంది. ఎవరు అడిగినా, "మా తమ్ముడు పెట్టిన చీరె" అని చెప్పింది. నిజమే. అంతకుముందు ఏడు పెట్టిన చీరె. మడత నలగకుండా ఏడాదంతా దాచి, ఇస్త్రీ చేయించుకొని వచ్చింది. ఆ సంగతి నాకూ, అమ్మకూ, ఆమెకూ తప్ప అప్పుడు ఎవరికీ తెలియదు. నాన్నకు పోయినేడు మేమే చెప్పాం, అత్తమ్మ పోయాక.

చివరి రోజుల గురించి ఎక్కువ చెప్పలేను. ఆయాసం వచ్చింది, నడక తగ్గింది, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. మూడో నాడు పిట్టకు పెట్టేటప్పుడు అన్నం పక్కన స్టీలు గ్లాసులో చాయ పెట్టాం. చాయ లేకుంటే ఆమెకు పొద్దు పొడవదు.

మళ్లీ పెత్రమాస కాడికి వస్తాను. బియ్యం ఇచ్చాక అందరం కూర్చున్నాం. 2025 మార్చి 1 నుంచి కేశోరాం సిమెంటు అల్ట్రాటెక్‌లో కలిసిపోయింది. బావ మనవడు పుట్టింది ఆ నెలలోనే. "అత్తమ్మ ఉంటే వీడు 'కంపెనీ మారిన ఏడు' పిల్లగాడు అయితుండె" అని బావ భార్య అన్నది. మరి అత్తమ్మ ఏ ఏడు పిల్ల అని మాట మళ్లీ అక్కడికే వచ్చింది. అప్పుడు నాన్న, ఎప్పుడో నాయనమ్మ చెప్పింది గుర్తు చేసుకుంటూ అన్నాడు: "రజాకార్ల భయానికి అవ్వ అక్కను సంకల ఏసుకొని చెల్కల్ల దాక్కున్నదట. పిల్ల ఏడుస్తె దొరుకుతమని నోటికి కొంగు అడ్డం పెట్టిందట. అప్పటికి అక్కకు పండ్లు రాలేదంట."

బావ తల ఎత్తాడు. రజాకార్ల పీడను ముగించిన హైదరాబాద్ మీది పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. పండ్లు రాని పిల్ల అంటే, ఆ ఏడు మొదట్లోనో, అంతకు ముందేడు చివరనో పుట్టి ఉండాలి. నాన్న ఈ మాట ఎన్నోసార్లు విన్నాడు. మేం ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బావ గోడ మీది ఫోటో దించి, వెనక అట్ట మీద పెన్నుతో "పుట్టింది రజాకార్ల ఏడు, 1947-48" అని రాసి మళ్లీ తగిలించాడు.

పోయేటప్పుడు నాన్న సంచిలోంచి చీరె తీశాడు. ఆకుపచ్చది, ఎర్ర అంచు. అత్తమ్మ బిడ్డను పిలిచి బొట్టు పెట్టించి ఆమె చేతిలో పెట్టాడు.

దీపావళికి నోములకని పుట్టింటికి పోతారు కదా అక్కలూ. అక్కడ మేనత్తో, పెద్దమ్మో ఉంటే పక్కన కూర్చొని, తను ఏ ఏడు పుట్టిందో, అప్పుడు ఊళ్లో ఏం జరిగిందని వాళ్లమ్మ చెప్పేదో అడిగి రాసుకోండి. ఆమె చెప్పగలిగినప్పుడే అడగండి.