గోకినా పోని నాచు

హయత్‌నగర్‌లో రాత్రి బస్సెక్కి విజయవాడ రోడ్డున పోతే, తెల్లవారేసరికి గాని బందరు సముద్రపు గాలి తగలదు. అటువంటి హయత్‌నగర్‌లో ఒక ఇంటి ముందుగదిలో సముద్రం ఉందంటే మీరు నమ్ముతారా? నేను స్వయంగా చూసి వచ్చాను. నా దగ్గర చదువుకొని ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న ఒకబ్బాయి దాన్ని 200 లీటర్ల గాజుతొట్టిలో పెంచుతున్నాడు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే ఆ తొట్టికి ఎంత ఉప్పు కావాలో లెక్క వేయండి. 7 కిలోలు! అది వంటింటి ఉప్పు కాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలను కూడా సముద్రంలో ఉన్న పాళ్లలోనే కలిపి అమ్ముతారు.

తొట్టిలో తెల్లపట్టీల నారింజరంగు చేపలు రెండు, రాళ్ల మీద గొడుగుల్లా విచ్చుకొనే మెత్తని పగడాలు ఉన్నాయి. (భిత్తికలు కట్టే గట్టి పగడాలకు మన దేశంలో 2001 నుంచి పులితో సమానంగా చట్టరక్షణ ఉంది. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. ఎవరైనా అమ్మజూపితే కొనకండి.)

అయితే అతను నన్ను పిలిచింది అందం చూపించడానికి కాదు. "సార్, ఆరు నెలలుగా గోకుతున్నాను. పోవడంలేదు" అన్నాడు. రాళ్లన్నిటి మీదా వేలెడు పొడవున, జుట్టులాగా పచ్చని నాచు. దాని కింద పగడాలు ఊపిరాడనట్లు ముడుచుకుపోయి ఉన్నాయి. అతని చేతిలో నాచు చంపే మందు సీసా. "ఇది పోసేయమంటారా?" అని అడిగాడు.

ఆగమన్నాను. ఎందుకంటే ఆ పని నేనొకసారి చేశాను. చాలా ఏళ్ల కిందట, ఒక బడిలో మంచినీటి చేపలతొట్టికి నాచు పట్టింది. నేను తెలివిగా కాస్త మైలుతుత్తం కలిపాను. రెండు రోజుల్లో నాచు తెల్లబడి చచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాని రాగి నాచును చంపి ఊరుకోదు. నత్తలన్నీ చచ్చిపోయాయి. చచ్చిన నాచు కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను మింగేసింది. మూడోనాటి ఉదయం చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పదిహేను రోజులు తిరగకుండానే నాచు మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా ఒత్తుగా! కుళ్లిన నాచులోని పోషకాలన్నీ తిరిగి నీటిలోకే కదా చేరాయి. పైగా ఈ అబ్బాయి తొట్టిలోని మెత్తని పగడాల శరీరంలోనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. కిరణజన్య సంయోగక్రియతో అవి వండే ఆహారంలో పెద్దవాటా పగడాలకే పోతుంది. బయటి నాచును చంపే విషం లోపలి నాచును వదిలిపెడుతుందన్న భరోసా ఏముంది?

కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు. ఈ నాచు ఏం తిని ఇంత బలిసింది?

వెలుతురు, కార్బన్ డై ఆక్సైడ్ ఎలాగూ ఉన్నాయి. ఇక కావలసినవి నత్రజని, భాస్వరం. చేపకు వేసే ప్రతి చిటికెడు మేతలోనూ ఆ రెండూ ఉంటాయి. చేప విసర్జించే అమోనియాను బాక్టీరియాలు మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. తొట్టిలో నైట్రేట్ అలా పేరుకుంటుంది. అసలు ప్రవాళ భిత్తికల దగ్గర సముద్రంలో ఇవి అత్యల్పం. అందుకే అక్కడి నీరు అంత తేటగా ఉంటుంది.

"కాని సార్, పరీక్ష చేశాను. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ దాదాపు సున్నా" అన్నాడు. మంచి ప్రశ్న. మీరైతే ఏం చెబుతారు? బంతి భోజనాలు ముగిశాక గిన్నె ఖాళీగా ఉందని, ఇంట్లో అన్నమే వండలేదనగలమా? నీటిలో పడినదాన్ని పడినట్టే నాచు తినేస్తోంది. పోషకాల లెక్క నీటిలో లేదు, రాతిమీద జుట్టులో ఉంది.

"వారంవారం 40 లీటర్ల నీరు మారుస్తున్నాను కదా" అన్నాడు. ఆ నీళ్లెక్కడివి? బోరువి! ఉప్పు కలపకముందే ఆ నీటిని అతని పెట్టెతోనే పరీక్షించాం. పరీక్షనాళిక ముదురు ఎరుపెక్కింది. వంటింట్లోని ఆర్.ఓ. నీరు పసుపుపచ్చగానే ఉండిపోయింది.

తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన ప్రమాణం. మురుగు, సెప్టిక్ ట్యాంకులు, ఎరువుల వల్ల తెలంగాణలో చాలాచోట్ల బోరునీరు ఆ హద్దు దాటింది. సరిగ్గా హద్దులోనే ఉందనుకున్నా, 40 లీటర్లతో 1800 మిల్లీగ్రాముల నైట్రేట్ లోపలికి పోతుంది. పాపం, శుభ్రం చేస్తున్నాననుకొని వారంవారం ఎరువు వేస్తున్నాడు! మన నేలంతా గ్రానైటు గనుక బోరునీటిలో సిలికా కూడా కరిగి ఉంటుంది. కొత్త తొట్టెల గాజుకు పట్టే గోధుమరంగు పొడి డయాటములది. వాటి పెంకులు సిలికాతోనే తయారవుతాయి.

ఆర్.ఓ. నీటికి మారమన్నాను. మేత సగం చేయించాను. నాచును గోకి నీటిలో వదలకుండా, చేత్తో పీకి బయట పారేయమన్నాను. పీకిన ప్రతి పిడికిలితోనూ కొంత నత్రజని, కొంత భాస్వరం తొట్టి దాటిపోతాయి. ఈ కిటుకునే వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ 1980 ప్రాంతంలో తన ప్రవాళ తొట్టెకు గొప్పగా వాడుకున్నాడు. తొట్టె పక్కన జాలీ మీద దీపాల కింద నాచును కావాలనే పెంచి, కోసి పారేసేవాడు. అక్కడ పెరిగే నాచు పోషకాలను లాగేస్తే, తొట్టెలోని నాచుకు తిండి తగ్గుతుంది.

మేసేవాళ్లు కూడా కావాలి. జమైకా తీరంలో నాచు మేసే చేపలను ముందే విపరీతంగా పట్టేశారు. తుఫానూ దెబ్బతీసింది. 1983లో అంటురోగం వచ్చి, నాచు మేసే నల్లని సీ అర్చిన్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. 1977లో అక్కడ సముద్రపు అడుగున 52 శాతం పగడాలు, 4 శాతం నాచు. 1993 నాటికి పగడాలు 3 శాతం, నాచు 92 శాతం! మా అబ్బాయి తొట్టిలో ఇప్పుడు ఆరు సముద్రపు నత్తలు ఆ పనిలో ఉన్నాయి. రెండు నెలలకు పగడాలు విచ్చుకొన్నాయి. ఒక మూల రాతిమీద కాస్త నాచు మిగిలింది. దాన్ని నత్తలకు వదిలేయమన్నాను.

తిరిగి వస్తూ సరూర్‌నగర్ చెరువు దగ్గర దిగాను. అక్కడి గుర్రపుడెక్క నాచు కాదు, పూలు పూసే మొక్కే. తిండి మాత్రం అదే. యంత్రాలతో తీయించినా, మురుగు వచ్చినంతకాలం అది తిరిగి వస్తూనే ఉంటుంది. ఆ చెరువుకు ఆర్.ఓ. పెట్టలేం కదా!

మీరొక ప్రయోగం చేయండి. నాలుగు గాజుసీసాలు తీసుకోండి. మొదటిదానిలో ఆర్.ఓ. నీరు, మిగిలిన మూడింటిలో బోరునీరు పోయండి. అన్నిటిలో ఒక్కొక్క చెంచా చెరువునీరు కలపండి. మూడు, నాలుగు సీసాల్లో వారానికొక చిటికెడు చేపల మేత వేయండి. నాలుగోదానిలో రెండు చిన్న చెరువునత్తలు కూడా వదలండి. మూతులకు పలుచని గుడ్డ కట్టి, నీడపట్టున వెలుతురు వచ్చే కిటికీలో నెలరోజులుంచండి. ముట్టుకొన్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఏ సీసా ఏ తేదీన పచ్చబడిందో రాసిపెట్టుకోండి. ఆర్.ఓ. సీసా కూడా పచ్చబడితే, దానికి తిండి ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. కలిపిన చెంచాడు చెరువునీటిని మరిచిపోకండి.