బంకర్ హిల్ వీరుడు: డాక్టర్ జోసెఫ్ వారెన్

ఉన్నత పదవి లభించిన వెంటనే దానిని ప్రక్కన ఉంచి, సామాన్య సైనికుల వరుసలో నిలిచి పోరాడినవారు చరిత్రలో అరుదుగా కనిపిస్తారు. అమెరికా స్వాతంత్ర్య సమరపు తొలి దినాలలో ప్రాణాలర్పించిన డాక్టర్ జోసెఫ్ వారెన్ అట్టివారిలో ఒకడు. ఆయన వృత్తిచేత వైద్యుడు, ప్రవృత్తిచేత దేశభక్తుడు, ఫ్రీమేసన్ సంఘానికి నాయకుడు.

వారెన్ 1741 జూన్ 11న మసాచుసెట్స్ వలసరాజ్యంలోని రాక్స్‌బరీ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. 1755లో తండ్రి తమ తోటలో ఆపిల్ పండ్లు కోస్తూ నిచ్చెన మీద నుండి పడి మరణించాడు. కష్టాలు చుట్టుముట్టినా చదువు ఆగలేదు. 1759లో హార్వర్డ్ కళాశాలలో పట్టం పొంది, కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేసి, పిదప బోస్టన్ నగరంలో వైద్యవిద్య అభ్యసించాడు. 1764లో ఆ నగరాన్ని మశూచి పీడించినప్పుడు, ధనిక దరిద్ర భేదం లేకుండా ప్రజలకు చికిత్స చేసి మన్నన పొందాడు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్స్ బాల్యంలో వేలు విరుగగా, దానిని తొలగించే అవసరం లేకుండా నయం చేసినవాడు వారెనే.

వారెన్ 1761లో సెయింట్ ఆండ్రూస్ లాడ్జి అనే ఫ్రీమేసన్ శాఖలో చేరాడు. ఫ్రీమేసన్లు పూర్వకాలపు తాపీపనివారి సంఘాల ఆచారాలను, చిహ్నాలను స్వీకరించినవారు. వారు ఒకరినొకరు సోదరులుగా భావిస్తారు, ఆపదలో ఆదుకొంటారు. వెండిపనిలో నిపుణుడైన పాల్ రివియర్ కూడా ఆ శాఖ సభ్యుడే. 1769లో వారెన్ బోస్టన్ ప్రాంతపు మహాలాడ్జికి అధిపతి అయ్యాడు. ఆ మహాలాడ్జి స్థాపనకు నగరంలో విడిది చేసిన ఆంగ్ల పటాలాలలోని లాడ్జిలు సైతం తోడ్పడ్డాయి. కాని ఆ సౌభ్రాతృత్వం రాజకీయ సంక్షోభాన్ని ఆపలేకపోయింది. 1770 మార్చి 5న బోస్టన్ వీథిలో ఆంగ్ల సైనికులు జరిపిన కాల్పులకు ఐదుగురు పౌరులు బలి అయ్యారు.

ప్రజల సమ్మతి లేని పన్నులను వలసవాసులు ఎదిరించారు. 1766లో నిజాం నుండి మన ఉత్తర సర్కారులను పొందిన ఈస్టిండియా కంపెనీయే అమెరికాకు తేయాకును పంపింది. 1773 డిసెంబరు 16న బోస్టన్ వాసులు 342 తేయాకు పెట్టెలను సముద్రం పాలు చేశారు. ఆ సంవత్సరమే వారెన్ భార్య మరణించింది. తల్లిలేని నలుగురు బిడ్డల బాధ్యతను మోస్తూనే ఆయన ప్రజోద్యమానికి సారథ్యం వహించాడు. 1775 ఏప్రిల్ 18 రాత్రి ఆంగ్ల సేనలు బయలుదేరుతున్నాయని గ్రహించి, ఆ వార్త అందించడానికి పాల్ రివియర్, విలియం డాస్ అనువారిని గుర్రాలపై పంపాడు. మరునాటి పోరాటంలో ఒక తుపాకి గుండు ఆయన చెవి దగ్గరి కేశాలంకారపు సూదిని ఎగురగొట్టింది. మృత్యువు అంత సమీపం నుండి పలకరించినా ఆయన వెనుదీయలేదు.

1775 జూన్ 14న రాష్ట్ర కాంగ్రెసు వారెన్‌ను మేజర్ జనరల్‌గా ఎన్నుకొన్నది. మూడు దినాల తరువాత చార్లెస్‌టౌన్ గుట్టలపై యుద్ధం ఆరంభమైంది. తలనొప్పితో బాధపడుతూ కూడా, మిత్రుల వారింపును లెక్కచేయక, వారెన్ తుపాకి చేబూని అక్కడికి చేరుకొన్నాడు. సేనాని ప్రెస్కాట్ ఆయనకు నాయకత్వం అప్పగించబోయాడు. నియామకపత్రం తనకింకా అందలేదనీ, స్వచ్ఛంద సైనికుడుగా మాత్రమే వచ్చాననీ చెప్పి వారెన్ దానిని నిరాకరించాడు. ఆంగ్ల సేనలు రెండు పర్యాయాలు దాడి చేసి వెనుకకు మరలాయి. మూడవ దాడిలో మెరైన్లు అనబడే నౌకాసైనికులు కూడా పాల్గొన్నారు. వారి నాయకుడు మేజర్ పిట్‌కెయిర్న్ ఆ దాడిలో ప్రాణాంతకంగా గాయపడ్డాడు. అప్పటికే వలసవాసుల వద్ద మందుగుండు నిండుకొన్నది. సహచరులు వెనుకకు తగ్గుతుండగా చివరి వరకు నిలిచిన వారెన్ ముఖానికి గుండు తగిలి నేలకొరిగాడు. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరాలు. గెలిచిన ఆంగ్లేయులకు హతులు, క్షతగాత్రులు కలిసి 1,000 మందికి పైగా నష్టం వాటిల్లింది.

విజేతలు వారెన్ దేహాన్ని గుట్టపైనే పూడ్చిపెట్టారు. అన్న జాడ వెదుకుతూ వెళ్లిన తమ్ముడు జాన్‌ను కావలివాడు బాయినెట్టుతో పొడిచాడు. 1776 మార్చిలో ఆంగ్లేయులు బోస్టన్ విడిచి వెళ్లిన తరువాత, ఏప్రిల్ నెలలో సోదరులూ మిత్రులూ ఆ గుంతను త్రవ్వారు. రూపురేఖలు చెరిగిపోయిన ఆ దేహాన్ని పోల్చడం ఎట్లా? పాల్ రివియర్ తాను వారెన్‌కు తీగతో అమర్చిన కృత్రిమ దంతాన్ని గుర్తుపట్టాడు. దంతాల ఆధారంగా మృతుని గుర్తించిన తొలి సంఘటనలలో దీనిని ఒకటిగా చెబుతారు. ఏప్రిల్ 8న ఫ్రీమేసన్ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

1794లో చార్లెస్‌టౌన్‌లోని కింగ్ సాలమన్స్ లాడ్జి వారు ఆ గుట్టపై వారెన్ స్మృతికి ఒక స్తంభాన్ని నిలిపారు. తరువాత అక్కడే 1843 నాటికి 221 అడుగుల శిలాస్తంభం రూపొందింది. తమ్ముడు జాన్ అన్న మార్గంలోనే వైద్యుడై, 1782లో హార్వర్డ్ వైద్య కళాశాల స్థాపనకు కారకుడయ్యాడు. ప్రాణాలు నిలిపే వృత్తిని చేపట్టిన వారెన్, ఒక ఆశయం నిలవడానికి తన ప్రాణాన్ని ధారపోశాడు. సేనాని పదవి కంటె సైనికుని కర్తవ్యాన్ని మిన్నగా భావించిన ఆ త్యాగమూర్తి చరిత్ర యువతకు ఆదర్శప్రాయం.

అభ్యాసం

1. జోసెఫ్ వారెన్ వ్యక్తిత్వాన్ని వివరించండి.
2. బంకర్ హిల్ యుద్ధంలో వారెన్ నాయకత్వాన్ని ఎందుకు నిరాకరించాడు?
3. వారెన్ దేహాన్ని ఎవరు, ఏ విధంగా గుర్తించారు?
4. 'సౌభ్రాతృత్వం', 'క్షతగాత్రుడు' అనే పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.