గృహప్రవేశానికి రానన్నారు

ప్రశ్న: రెండేళ్లుగా వారానికోసారి ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను. మొదట్లో నోరు విప్పడానికే భయం. ఇప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పనివి ఆవిడకే చెబుతున్నాను. సొంత అక్కలా అనిపించి మా గృహప్రవేశానికి పిలిచాను. ‘చాలా సంతోషం, కానీ రాలేను’ అన్నారు. అప్పట్నుంచి మనసు విరిగింది. ఆవిడకు నేను ఫీజు కట్టే మనిషిని మాత్రమేనా? మానేద్దామనుకుంటున్నాను.
– పేరు వద్దు, విజయవాడ

జవాబు: మానేయడం తర్వాతి సంగతి. నాకు రాసిన ఈ మాటలే, ఫీజు మాటతో సహా, వచ్చే వారం ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పండి.

ఆవిడ వచ్చారే అనుకుందాం. వ్రతం పీటల దగ్గర మీ అత్తగారు ‘ఎవరమ్మా ఈవిడ?’ అంటే ఏం చెబుతారు? చికిత్స సంగతి బయటపెట్టాలి, లేదా ఇద్దరూ కలిసి అబద్ధమాడాలి. మీకు ఆ ఇరకాటం రాకూడదనే థెరపిస్టులు సాధారణంగా ఇలాంటి పిలుపులకు రారు. పైగా ఆవిడ మీ ఇంటి మనిషైపోతే, రేపు అదే అత్తగారి మీద కోపాన్ని ఇంత ధారాళంగా ఆవిడ ముందు చెప్పుకోగలరా?

ఇక, ‘సొంత అక్క’ అన్నారు. పాత బంధాల్లోని ఆశలూ అలకలూ థెరపిస్టు మీదికి మళ్లడాన్ని ఫ్రాయిడ్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్నాడు. 1905లో ఆయన ప్రచురించిన ‘డోరా’ కేసులో ఆ అమ్మాయి చికిత్స మధ్యలోనే మానేసి వెళ్లిపోయింది. ఈ మళ్లింపును సకాలంలో పట్టుకోలేకపోయానని ఆయనే రాసుకున్నాడు. మీ చిన్నప్పుడు మీరు పిలిస్తే రాని మనిషి ఎవరైనా ఉన్నారేమో! అది ఉత్తరం చదివి నేను తేల్చేది కాదు, మీరిద్దరూ కూర్చుని చూడాల్సింది. ఇన్నాళ్లూ మీరు ఆవిడ మెప్పు కోసం ‘మంచి పేషెంటు’గా మెలిగి ఉంటే, ఈ కోపం రావడం చికిత్స ముందుకు సాగుతోందనడానికి గుర్తు కూడా కావచ్చు.

ఫీజు గురించి. జీతం తీసుకుంటుంది కాబట్టి టీచరమ్మకు పిల్లల మీద ఉన్న ప్రేమ అబద్ధమా? పైగా మీరు ఫీజు కడుతున్నారు కాబట్టే ఆవిడ కష్టాలు మీరు వినక్కర్లేదు. ఆ గంట మొత్తం మీది.

మీ మాట విని, ఎక్కడ నొప్పి కలిగిందో ఆవిడ ఓపిగ్గా అడిగితే కొనసాగండి. చిన్నబుచ్చుకున్నా, మాట దాటవేసినా ఇంకొకరిని చూసుకోండి. అప్పుడు కూడా చెప్పకుండా మానేయొద్దు, వీడ్కోలుకు రెండు మూడు సెషన్లు కేటాయించండి. థెరపిస్టే అప్పు అడిగినా, ప్రేమ మాటలు మొదలుపెట్టినా మాత్రం ఈ మర్యాదలేవీ అక్కర్లేదు, వెంటనే లేచి వచ్చేయండి.

ప్రశ్న: నా భార్య ఏడాదిగా థెరపీకి వెళ్తోంది. ఫీజు కట్టేది నేనే. లోపల ఏం మాట్లాడుకుంటారో ఫోన్ చేసి అడగవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అడగవచ్చు, కానీ చెప్పరు. ఆమె అనుమతి లేకుండా చెప్పారంటే ఆ థెరపిస్టును నమ్మకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఆమెకు గోప్యత హక్కునిచ్చింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఫీజు కట్టడం వాటిలో లేదు.