క్యాంపు ఇంటి ఆడపిల్లకు



నిజాంసాగర్ ఆయకట్టులో స్థిరపడిన కోస్తా కుటుంబాల్లో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల పడే సంకటాన్ని పాత తరానికీ కొత్త తరానికీ మధ్య తగవుగా చెప్పి వదిలేయడం పరిపాటి. కానీ ఆ ఇళ్లలో సంప్రదాయంగా చెలామణీ అయ్యేదానిలో చాలా భాగం శాస్త్రాల్లోంచి రాలేదని, వలస వచ్చినవాళ్ల అవసరాల్లోంచి పుట్టిందని తెలిస్తే తప్ప, దేన్ని మన్నించాలో దేన్ని కాదనాలో ఆమె తేల్చుకోలేదు.

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కొత్త కాలువల కింద మాగాణి సేద్యం, అంటే నీరు పెట్టి చేసే వరి, చెరకు వ్యవసాయం, విస్తరిస్తున్న ఆ కాలంలో, ఆనకట్టల కింద సాగుకు రెండు మూడు తరాలుగా అలవాటుపడిన కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు అక్కడి కొద్దిపాటి భూమి అమ్ముకుని వచ్చి, ఇక్కడ అంతకు మించి కొనుక్కుని, పొలాల పక్కనే ఇళ్లు వేసుకున్నారు. ఆ నివాసాలకే క్యాంపులని పేరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నేటికీ ‘ఆంధ్రోళ్ల క్యాంపు’ అనే అంటారు. కచేరీ భాష ఉర్దూగా ఉన్న పరాయి నిజాం సంస్థానంలో అప్పుకైనా ఆపదకైనా అక్కరకొచ్చేది బంధుబలగమే కాబట్టి, సంబంధాలన్నీ పుట్టిన ఊళ్ల వైపు నుంచే కలుపుకున్నారు. మేనరికం, అంటే పిల్లను మేనమామకో మేనత్త కొడుక్కో ఇవ్వడం, భూమి గడప దాటకుండా చూసుకోవడానికి కూడా పనికొచ్చింది.

అప్పటికి అది తెలివైన పనే. ఇప్పుడు అవసరం తీరిపోయి అలవాటు మిగిలింది. విడ్డూరమేమిటంటే, వదిలి వచ్చిన ఊళ్లే మారిపోయాయి: అక్కడి చుట్టాల ఆడపిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేస్తూ తమ పెళ్లి మాట తామే చెప్పుకుంటుంటే, క్యాంపు పెద్దలు మాత్రం తాతలు మూటగట్టుకొచ్చిన నాటి పద్ధతినే ‘మన వైపు ఆచారం’ అని పట్టుకుని కూర్చుంటారు. ఆ మాటకొస్తే, కట్టుబట్టలతో పుట్టిల్లు విడిచి, ముఖం తెలియని ఊళ్లో పొయ్యి వెలిగించిన తాతమ్మ ఆ రోజుల్లో దాటిన హద్దు మునిమనుమరాలు ఇవాళ దాటబోయేదానికన్నా పెద్దది.

దగ్గరి ఎల్లారెడ్డిలో బడి, కామారెడ్డిలో డిగ్రీ చదివిన పిల్ల పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య, నాడు తంగేడు, గునుగు పేర్చి స్నేహితురాళ్లతో బతుకమ్మ ఆడుతుంది. సంక్రాంతికి ఇంటి ముంగిట గొబ్బెమ్మలు పెడుతుంది. ఇక్కడిదీ అక్కడిదీ అయిన ఈ రెండింటికీ ఆమెలో పేచీ లేదు. పేచీ వచ్చేది పెళ్లి దగ్గరే, ఆ పెళ్లితో ముడిపడిన భూమి దగ్గరే.

భూమి సంగతి విడిగా ఆలోచించడం మంచిది. పసుపు కుంకుమల కింద, అంటే పెళ్లినాడు కూతురి పేర పుట్టింటివాళ్లు ఇచ్చే ఆస్తిగా, రెండెకరాలు రాసి మిగతాది కొడుకులకు ఉంచడం ఆ ఇళ్లలో కనిపించే రివాజు. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనూ, దేశమంతటికీ 2005లోనూ జరిగిన సవరణల వల్ల ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమానమైన వాటాదారు. తండ్రి స్వార్జితం మాత్రం ఆయన ఇష్టం. అందువల్ల పెళ్లి హడావుడిలో ఎవరో తెచ్చిన హక్కు విడుదల దస్తావేజు మీద, అంటే వాటా వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం మీద, చదవకుండా సంతకం పెట్టకూడదు. వాటా తీసుకోవాలా వద్దా అన్నది తర్వాతి మాట. వదులుకున్నా తెలిసి వదులుకోవాలి.

పెళ్లి విషయంలో చట్టం ఆమె పక్షానే ఉంది: యుక్తవయస్కులైన ఇద్దరు ఇష్టపడితే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో తేల్చింది. అయితే కోర్టు తీర్పు అండగా ఉండవలసిందే గాని, అన్నం ముందు కూర్చున్న తండ్రి మీదికి విసరవలసింది కాదు. ఇంట్లో చూసిన సంబంధాన్ని తప్పించుకోవడానికి హడావుడిగా మరో పెళ్లిలోకి దూకడం స్వేచ్ఛ అనిపించుకోదు. ముందు సొంత జీతం, సొంత పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ తర్వాత చెప్పే ‘వద్దు’కు ఇంట్లో విలువ వేరు.

ఆ మాట చెప్పడానికీ సమయం ఉంది. తాంబూలాలు పుచ్చుకున్నాక కాదంటే తండ్రి నలుగురిలో మాట తప్పినవాడవుతాడు, అప్పుడు సంబంధం మంచిచెడ్డలు పోయి పరువు ఒక్కటే చర్చ అవుతుంది. కాబట్టి పెళ్లిచూపుల మాట ఎత్తినప్పుడే, మొదట తల్లికి, ఆమె ద్వారా తండ్రికి, నీళ్లు నమలకుండా చెప్పాలి. ఆయన ముందు పెట్టదగిన వాదం కూడా ఒకటుంది. కొడుకులు నగరాలకు వెళ్లిపోయి పొలం కౌలుకిచ్చిన ఇంట్లో పెద్దవాళ్లను రాత్రివేళ ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు ఎవరన్నది ఆయనను లోలోపల తొలిచే ప్రశ్న. కోస్తాకు కాపురానికి పంపిన కూతురు ఒక రాత్రంతా ప్రయాణం చేస్తే గాని రాలేదు. కామారెడ్డిలో ఉద్యోగం చేసుకుంటూ ఈ ప్రాంతపు కుర్రాణ్ణి చేసుకున్న కూతురైతే, ఫోను పెట్టేసిన గంటన్నరలో ఎల్లారెడ్డిలో బస్సు దిగుతుంది.