తొడ సందుల్లో తామర: దాచుకుంటే ముదురుతుంది, ఇంటి వైద్యం ఎంతవరకు?



ఈసారి పాఠం నలుగురిలో మాట్లాడుకోని విషయం మీద. తొడ సందుల్లో, గజ్జల్లో, పిరుదుల దగ్గర, ఆడవాళ్లకు రొమ్ముల కింద వచ్చే దురద గురించి. ఎండాకాలం వచ్చిందంటే క్యాంపులో సగం రూముల్లో ఈ బాధ ఉంటుంది. కానీ ఒకరికొకరు చెప్పుకోరు. రాత్రి దుప్పటి కింద గోక్కుంటారు, పొద్దున నడవలేక కాళ్లు ఎడం పెట్టి సైటుకు పోతారు. అడిగితే "ఏం లేదన్నా, బెణికింది" అంటారు.

జగిత్యాల వైపు నుంచి దుబాయ్ వచ్చిన ఒక మేస్త్రి సంగతి చెప్తాను. మొదట తొడ మీద రూపాయి బిళ్లంత మచ్చ. రూమ్మేటు ఇండియా నుంచి తెచ్చుకున్న ట్యూబు ఇచ్చాడు. రెండు రోజుల్లో దురద పోయింది. ట్యూబు ఆపగానే మళ్లీ వచ్చింది, ఈసారి అరచేయంత. మళ్లీ రాశాడు. ఎవరో చెప్తే వెల్లుల్లి నూరి కట్టాడు, తోలు కాలి బొబ్బలొచ్చాయి. ఎనిమిది నెలలు ఇట్లా గడిచాక నడుము దాకా పాకింది. చివరికి సైటులో కూర్చోలేక పడిపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన దగ్గర హెల్త్ కార్డు మొదటి నుంచీ ఉంది. వాడుకోవచ్చని తెలియదు, చెప్పుకోవడానికి సిగ్గు. ఈ రెండూ కలిసి ఎనిమిది నెలలు తిన్నాయి.

అందుకే ఈ పాఠం. మూడు సంగతులు నేర్చుకుందాం: మీకున్నది ఏమిటి, ఇంట్లో చేసుకునేది ఎంతవరకు పనిచేస్తుంది, డాక్టరు దగ్గరికి పోవడానికి మీకున్న హక్కు ఏమిటి.

మీకున్నది ఏది?

దురద ఒకటే అయినా రోగాలు వేరు వేరు. మందూ వేరే.

తామర: గుండ్రంగా, అంచు ఎర్రగా పొంగి, పొట్టు రాలుతూ, నడుమ కొంచెం మానినట్టు కనిపిస్తుంది. రోజురోజుకూ అంచు ముందుకు పాకుతుంది. ఇది ఫంగస్, అంటే బూజు జాతి సూక్ష్మజీవి. చెమట, వేడి, బిగుతు బట్ట దానికి తిండి. కాలి వేళ్ల సందుల్లో పాసిపోయిన తెల్లటి తోలు ఉంటే అదీ ఇదే. అక్కడి నుంచే గజ్జల్లోకి ఎక్కుతుంది.

ఒరుసుకుపోవడం: తొడకు తొడ రాసుకుని ఎర్రగా మండడం. గుండ్రటి అంచు ఉండదు. రెండు మూడు రోజులు ఆరబెడితే తగ్గుతుంది.

గజ్జి: చిన్న పురుగు తోలులో దూరడం వల్ల వస్తుంది. రాత్రిపూట దురద ఎక్కువ. చేతి వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మగవాళ్ల అంగం మీద పొక్కులు. రూములో ఇంకొకరికి కూడా ఉంటే అనుమానం గట్టిది. అందరూ ఒకేసారి మందు వాడితేనే పోతుంది.

ఈస్టు: తడి తడిగా, బాగా ఎర్రగా, చుట్టూ చిన్న చిన్న చుక్కలు. ఆడవాళ్లకు పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, మంట. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. కాబట్టి మాటిమాటికీ వస్తే షుగర్ పరీక్ష చేయించుకోండి.

ఇవి కాకుండా పుండు పడినా, చీము కారినా, మూత్రంలో మంట ఉన్నా, జ్వరం వచ్చినా, తోలు తెల్లగా పలచబడి చిట్లుతున్నా ఇంటి వైద్యం వద్దు. నేరుగా డాక్టరు దగ్గరికే.

ఇంటి వైద్యంలో మంచిది

మన ఊళ్లో అమ్మమ్మలు చెప్పినవన్నీ తప్పు కాదు. కొన్ని హాయినిస్తాయి. అయితే హాయినివ్వడం వేరు, రోగం పోగొట్టడం వేరు. ఈ తేడా గుర్తుంచుకోండి.

అన్నిటికంటే పెద్ద మందు ఆరబెట్టడం. డ్యూటీ దిగగానే స్నానం చేయండి. సబ్బుతో బరబరా రుద్దొద్దు. మెత్తగా కడిగి, పొడి తువాలుతో అద్ది తుడవండి. గజ్జలకు ఒక తువాలు, ఒంటికి ఇంకొకటి పెట్టుకోండి. రెండు నిమిషాలు గాలికి ఆరాకే బట్ట వేసుకోండి. పడుకునేటప్పుడు వదులు లుంగీ గానీ, వదులు కాటన్ నైటీ గానీ మేలు.

లోదుస్తులు కాటన్‌వే కొనండి, రోజుకొకటి మార్చండి. బాగా చెమట పట్టే రోజుల్లో భోజనం వేళ ఇంకొకటి మార్చుకుంటే ఇంకా మంచిది. కాళ్లకు కూడా తామర ఉంటే ముందు సాక్సులు తొడుక్కుని, తరువాత డ్రాయరు వేసుకోండి. ఈ చిన్న మార్పుతో కాలి బూజు బట్టకు అంటి పైకి రాదు. బట్టలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. గల్ఫ్‌లో ఎండకు కరువు లేదు, అదొక్కటి మనకు ఉచితం. తువాలు, రేజరు, లుంగీ ఎవరితోనూ పంచుకోవద్దు.

చల్లటి తడిగుడ్డ: శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్లలో ముంచి పిండి పది నిమిషాలు వేసుకుంటే దురద దిగుతుంది. తీసేశాక బాగా ఆరబెట్టాలి. ఐస్ నేరుగా పెట్టొద్దు.

వేపాకు: వేపాకు మరగబెట్టి చల్లార్చిన నీళ్లతో కడుక్కుంటే కొంచెం హాయిగా ఉంటుంది, తోలు చిట్లకపోతే హాని లేదు. కానీ ఒక్క వేపనీళ్లతో తామర పోతుందని నమ్మి మందు మానేయొద్దు. రోడ్డు పక్క చెట్ల ఆకు తెంపొద్దు, దాని మీద పురుగుమందు కొట్టి ఉండొచ్చు.

కలబంద: లోపలి తెల్లటి గుజ్జు చల్లగా ఉంటుంది. తోలు కింద కారే పసుపు రసం మంట పెడుతుంది, అది పూర్తిగా కడిగేయాలి. ముందు ముంజేతి మీద కొంచెం రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడకపోతేనే వాడండి.

కొబ్బరినూనె: తోలు పొడిబారి పగిలిన చోట మంచిది. తడి తడిగా ఉండే గజ్జల్లో మందంగా పట్టిస్తే తేమ ఆరదు, బూజుకే మేలు చేసినట్టవుతుంది.

చేయకూడనివి

వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, వెనిగర్, ఉప్పు, పచ్చి సున్నం, కిరోసిన్, బ్లీచు, నీళ్లు కలపని డెట్టాల్ - వీటిలో ఏదీ గజ్జల్లో పెట్టొద్దు. అక్కడి తోలు పలచన, కాలిపోతుంది. "మండుతోందంటే పనిచేస్తోంది" అనే మాట అబద్ధం. మండుతోందంటే తోలు దెబ్బ తింటోంది. పసుపు కూడా చిట్లిన తోలు మీద వద్దు. మంట పెట్టొచ్చు, దానికి తోడు మచ్చ రంగు కప్పేసి డాక్టరుకు అసలు సంగతి కనపడకుండా చేస్తుంది.

ఆడవాళ్లు యోని లోపల పెరుగు, సబ్బు, డెట్టాల్ లాంటివి ఏవీ పెట్టొద్దు. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయట మామూలు నీళ్లతో కడిగితే చాలు.

ఊరి నుంచి పేరు లేని పొడులు, భస్మాలు తెప్పించుకోవద్దు. అందులో ఏం కలిపారో మీకు తెలియదు, ఎయిర్‌పోర్టులో అడిగితే చెప్పలేరు. మన వంటింటి గసగసాలు కూడా గల్ఫ్ దేశాల్లో మత్తుపదార్థం కేసు అవుతాయి. మందు తెచ్చుకుంటే పెట్టెతో, డాక్టరు చీటీతో తెచ్చుకోండి.

ట్యూబు వెనక ఏం రాసుందో చూడండి

తామరను నిజంగా పోగొట్టేది ఫంగస్ మందు. క్లోట్రిమజోల్, మైకొనజోల్, టెర్బినాఫిన్ అనే పేర్లు చూడండి. ఫార్మసీలో చవకగానే దొరుకుతాయి. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు వరకు రాయాలి. క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు. దురద తగ్గగానే ఆపేయడమే మనవాళ్లు చేసే పెద్ద తప్పు. మచ్చ పూర్తిగా మానాక కూడా రెండు వారాలు రాయాలి. పైకి కనపడకపోయినా బూజు లోపల ఉంటుంది.

ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. ఒక్కోసారి ఫంగస్ మందుతో కలిపి "త్రీ ఇన్ వన్" అని అమ్ముతారు. రెండు రోజుల్లో దురద పోతుంది కాబట్టి అద్భుతం అనిపిస్తుంది. నిజానికి స్టెరాయిడ్ తోలు పోరాడే శక్తిని అణచేస్తుంది, బూజు కింద నుంచి పాకుతుంది. నెలల తరబడి రాస్తే తోలు పలచబడి, తొడల మీద చారలు పడతాయి. ఆ చారలు పోవు. మన మేస్త్రికి జరిగింది ఇదే. డాక్టరు చీటీ లేకుండా అమ్మడం ఆపడానికి భారత ప్రభుత్వం 2018లో ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా ఊళ్లో దుకాణాల్లో అడిగితే ఇచ్చేవాళ్లున్నారు, అవే సూట్‌కేసుల్లో ఇక్కడికి వస్తున్నాయి.

ఇంకో మాట. ఈ మధ్య మన దేశంలో మొండి తామర పెరిగింది. దానికి కారణమైన ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అది చాలామందిలో టెర్బినాఫిన్‌కు కూడా లొంగడం లేదు. కాబట్టి రెండు మూడు వారాలు సరిగ్గా రాసినా తగ్గకపోతే మీ తప్పు కాదు. మాత్రలు అవసరం కావచ్చు. ఆ మాత్రలు లివర్ మీద పనిచేస్తాయి, గర్భిణులకు కొన్ని పనికిరావు. డాక్టరు రాస్తేనే వేసుకోవాలి.

డాక్టరు దగ్గరికి పోవడం మీ హక్కు

"తామర ఉందని తెలిస్తే వీసా క్యాన్సిల్ చేస్తారేమో" అని భయపడేవాళ్లున్నారు. వీసా మెడికల్‌లో చూసేది హెచ్‌ఐవీ, టీబీ లాంటి జబ్బులు. తామర, చెమటకు ఒరుసుకుపోవడం ఆ లెక్కలోకి రావు.

యూఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలో ప్రైవేటు కంపెనీ కార్మికులకూ, ఇంటి పనివాళ్లకూ హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. డబ్బు కట్టాల్సింది యజమాని, మీ జీతంలో కోయకూడదు. సౌదీలో కూడా ప్రైవేటు కంపెనీ తన కార్మికుడికి ఇన్సూరెన్స్ తీయాలి. మీ కార్డు క్యాంప్ బాస్ దగ్గర ఉంటే అడిగి తీసుకోండి. కనీసం ఫోనులో ఫొటో పెట్టుకోండి.

సిక్ లీవు: యూఏఈలో ప్రొబేషన్ దాటిన కార్మికుడికి ఏడాదికి 90 రోజుల వరకు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తరువాత 30 రోజులు సగం, మిగతావి జీతం లేకుండా. జబ్బు సంగతి మూడు పనిదినాల లోపు కంపెనీకి చెప్పి, మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. సౌదీలో మొదటి 30 రోజులు పూర్తి జీతం, తరువాత 60 రోజులు ముప్పావు జీతం, ఆపై 30 రోజులు జీతం లేకుండా. చీటీ లేకుండా రూములో పడుకుంటే అది గైర్హాజరు కింద పడుతుంది. కాబట్టి చీటీ ముఖ్యం.

ఇంటి పని చేసే అక్కలకు: యూఏఈలో 2022 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం ఏడాదికి 30 రోజుల సిక్ లీవు ఉంది, అందులో 15 రోజులు పూర్తి జీతంతో. రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు వరసగా ఉండాలి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం తిండి, బట్ట, వసతి, వైద్యం యజమాని బాధ్యత. కాబట్టి రెండు కాటన్ జతలు, విడిగా ఒక తువాలు అడగడం బిచ్చం కాదు. మేడమ్‌తో ఈ విషయం చెప్పలేకపోతే "స్కిన్ డాక్టరు దగ్గరికి పోవాలి" అన్నంతవరకే చెప్పండి, చోటు చెప్పనక్కర్లేదు. క్లినిక్‌లో "ఇందీ హక్కా" అంటే "నాకు దురద ఉంది" అని. "అబ్గా దక్తూరా" అంటే "లేడీ డాక్టరు కావాలి" అని. లోపల చూసేటప్పుడు మీ తరఫు ఆడమనిషో నర్సో పక్కన ఉండాలని అడగొచ్చు.

ఎండ, నీళ్లు కూడా హక్కుల్లోవే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా బయటి ఎండలో పని చేయించకూడదు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున 10 నుంచి 3:30 దాకా. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా 11 నుంచి 4 వరకు. ఆ వేళలో నీడకు పోయి తడి బట్ట మార్చుకోండి. యూఏఈలో కార్మికుల వసతిలో మనిషికి కనీసం మూడు చదరపు మీటర్ల చోటు ఉండాలి. స్నానానికి నీళ్లు రాకపోయినా, బట్టలు ఉతుక్కునే చోటు లేకపోయినా అందరూ కలిసి రాసి ఇవ్వండి. ఒక్కడే అడిగితే గొణుగుడు, పదిమంది అడిగితే ఫిర్యాదు.

కంపెనీ వినకపోతే యూఏఈలో కార్మిక శాఖ నంబరు 80084. దుబాయ్‌లో మన ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు 800 46342, ఫోను ఉచితం. మిగతా దేశాల్లో ఇండియన్ ఎంబసీ కార్మిక విభాగాన్ని అడగండి.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి, మీ హెల్త్ కార్డు ఎక్కడుందో వెతకండి. రెండు, వాడుతున్న ట్యూబు వెనక పేరు చదవండి. స్టెరాయిడ్ అయితే, చాలాకాలంగా రాస్తుంటే, దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు దురద ఎక్కువ కావచ్చు. మూడు, గజ్జలకు వేరే తువాలు పెట్టుకోండి. నాలుగు, రూములో ఎవరైనా కాళ్లు ఎడం పెట్టి నడుస్తుంటే నవ్వకండి. పక్కకు పిలిచి ఈ కాగితం చేతిలో పెట్టండి.

ఆ మేస్త్రికి రెండు నెలల మందు పట్టింది. ఇప్పుడు బాగున్నాడు, చారలు మాత్రం మిగిలాయి. "మొదటి నెలలోనే చెప్పుంటే అయిపోయేది కదన్నా" అంటాడు. మీరు ఆ మాట అనాల్సిన అవసరం రాకూడదు.