బెసలేలు చేతిపని
పఠనము: నిర్గమకాండము 31:1–6, 35:25–36:2

పదవ తరగతి ముగించిన పిల్లలుగల గృహములలో ప్రతి వేసవియందును ఒకటే ప్రశ్న: ఇక ఏమి చదివించుదుము? మనము బెసలేలును చూతము. ఇతడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు. యూదా గోత్రపు పనివాడు. బంగారము, వెండి, ఇత్తడి, రత్నములు, కఱ్ఱ, వీటి పనికై దేవుడు వానిని పేరు పెట్టి పిలిచి తన ఆత్మతో నింపెను. బోధకులకే పిలుపు గలదని తలంచువారు ఈ అధ్యాయము నిదానముగా చదువవలెను.

మోషే పనికి పిలిచినది నేర్పుగలవారిని, ఆ పనికై హృదయము ప్రేరేపించినవారిని. రెండును చూచెను. కుమారుడు పాడైన పంపుసెట్టు మోటారు విప్పి మరల బిగించుచుండగా గద్దించు తండ్రి ఒక నిమిషము ఆగి చూచుట మంచిది. ఐ.టి.ఐ. కలదు, మూడేండ్ల పాలిటెక్నిక్ కలదు, అది ముగించి ఈసెట్‌లో సీటు పొందినచో ఇంజనీరింగు రెండవ సంవత్సరములోనే చేరవచ్చును. కుమార్తెలకును ఈ ద్వారములు తెరచియే యున్నవి. ప్రత్యక్ష గుడారమునకై నూలు వడికినది స్త్రీలే గదా.

అయితే స్నేహితుడు చేరెనని చేరుట ఆసక్తి కాదు. బెసలేలు మందసము మొదలు దీపవృక్షము వరకు విసుగక చేసెను, ఇతరులకును నేర్పెను. మన పిల్లవానిని తెలిసిన పనివాని యొద్ద పది దినములు కూర్చుండి చూడనిత్తము. పదకొండవ దినమున ఎవరును లేపకయే లేచి వెళ్లునా?